పడమటి పరీక్షకు ప్రస్థానం

రాగిణి కారు అపార్ట్‌మెంట్ గేటు దాటి, మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా అన్నపూర్ణమ్మ బాల్కనీలోనే నిలబడింది. కూతురు వెళ్ళింది ఎంతో దూరం కాదు, రెండు సిగ్నళ్ళ అవతల ఉన్న లైబ్రరీకి. అయినా సరే, గడప దాటిన మనిషిని చివరిదాకా చూడకపోతే ఆవిడకు స్థిమితం ఉండదు. ఆవిడ భర్త రైల్వే గార్డుగా చేశాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆవిడకు తెలిసిందల్లా వీడ్కోళ్ళే. ఒక స్టేషన్ క్వార్టర్సులో పక్కింటి వాళ్ళతో అక్కా చెల్లీ అనుకునేసరికి బదిలీ కాగితం వచ్చేది. సామాను బండికెక్కేది. ఆకుపచ్చ జెండా ఊపి భర్త బ్రేకువ్యానులో వెళ్ళిపోయిన రోజులు ఎన్నో, ఒక రోజు అలాగే వెళ్ళి తిరిగి రాలేదు. అప్పటినుంచీ ఆవిడకు ప్రయాణమంటే భయం, ఎవరి ప్రయాణమైనా.

గదిలోకి వచ్చి, సూట్‌కేసులో చీరల మధ్య దాచుకున్న పంచాంగం తీసింది. సోమవారం తెల్లవారుజామున రాగిణి కాలిఫోర్నియా వెళ్ళాలి. మంగళవారం నుంచి మూడు రోజులు లాయరు పరీక్ష. అన్నపూర్ణమ్మ వేళ్ళమీద లెక్క వేసింది, నోట్లో నక్షత్రాలు గొణుక్కుంది, మళ్ళీ వేసింది. ఎటునుంచి లెక్కపెట్టినా అదే తేలింది. సోమవారం రాగిణి నక్షత్రానికి నైధన తార, ప్రయాణానికి అన్నిటికంటే చెడ్డది.

"ఏ శత్రువుకీ వద్దు తల్లీ," అనుకుంది పైకే.

కూతురితో చెబితే నవ్వుతుంది. అల్లుడు కిరణ్‌కుమార్‌తో చెబితే, "టికెట్ నాన్ రిఫండబుల్ అత్తయ్యా," అంటాడు. పరీక్షవాళ్ళు ఎలాగూ రోజు మార్చరు. కానీ ఇలాంటి చిక్కులకు పెద్దవాళ్ళు ఎప్పుడో దారి చూపించిపోయారు. ప్రయాణం నాటికి మంచిరోజు కుదరకపోతే, ముందే ఒక మంచి ఘడియలో, వెళ్ళేవాళ్ళ వస్తువొకటి పసుపు గుడ్డలో అక్షింతలతో కలిపి పొరుగింట్లో పెట్టాలి. దాన్ని ప్రస్థానం అంటారు. బయల్దేరే రోజున ఆ వస్తువును అక్కడినుంచే అందుకుని వెళ్ళిపోవాలి. అప్పుడు ప్రయాణం ఆ మంచి ఘడియలోనే మొదలైనట్టు లెక్క. ఒక్కటే నియమం, పెట్టిన వస్తువు మళ్ళీ ఇంటి గడప తొక్కకూడదు.

ఆ వేళ గురువారం, త్రయోదశి. మధ్యాహ్నందాకా దివ్యంగా ఉంది.

ఏ వస్తువు పెట్టాలి? చీర పెట్టొచ్చు, కానీ రాగిణి పరీక్షకు చీర కట్టుకుని వెళ్ళదు. ప్రయాణంతో సంబంధం లేని వస్తువు పెడితే ప్రయాణం దాన్ని గుర్తుపట్టదని అన్నపూర్ణమ్మ అనుమానం. అప్పుడు హాల్లో అలమర పై అరలోని నల్ల సంచీ గుర్తొచ్చింది. మొన్నే రాగిణి దాన్ని సర్ది, జిప్పు లాగి, "ఇంక దీన్ని నేను ముట్టుకోనమ్మా. మళ్ళీ తెరిచేది కాలిఫోర్నియాలోనే," అంది. ఇంతకంటే ఏం కావాలి? స్టూలెక్కి సంచీ దింపింది. బరువుగా ఉంది. చదివేసిన పుస్తకాలు కాబోలనుకుంది.

నాలుగేళ్ళుగా రాగిణి చదువుతూనే ఉంది. డిపెండెంట్ వీసా మీద వచ్చినప్పుడు ఉద్యోగం చేయకూడదన్నారు, చదువుకోవచ్చన్నారు. చుట్టుపక్కల ఆడపిల్లలందరూ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేస్తుంటే ఈ పిల్ల లా చదువుతానంది. కాలేజీ కాలిఫోర్నియాలో ఉంది, తరగతి మాత్రం ఇక్కడ టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో, డైనింగ్ టేబుల్ మీద కంప్యూటర్లో. సాయంత్రమయ్యేసరికి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చునేది. ఎక్కడో కూర్చున్న మేష్టారి గొంతు వినిపించేది, ఎక్కడెక్కడివాళ్ళో ప్రశ్నలు టైపు చేసేవాళ్ళు. రాగిణి ఒక చేత్తో కూతురు వేదకు అన్నం కలుపుతూ, రెండో చేత్తో జవాబు కొట్టేది. మొదటి ఏడాది కాగానే బేబీ బార్ అని ఒక పరీక్ష. అందులో తప్పితే ముందుకు పోనివ్వరు. అది రెండోసారికి గట్టెక్కింది.

అన్నపూర్ణమ్మ ఇక్కడికి రావడం ఇది రెండోసారి. మొదటిసారి వచ్చినప్పుడు అడిగింది. "టెక్సాస్‌లో ఉంటూ కాలిఫోర్నియా లాయరు నువ్వెలా అవుతావే?"

"ఇక్కడ ఈ డిగ్రీ చెల్లదమ్మా. ఆన్‌లైన్లో చదివినవాళ్ళని బార్ ఎగ్జామ్‌కి కాలిఫోర్నియా వాళ్ళు కూర్చోనిస్తారు. అక్కడ లైసెన్స్ వస్తే వీసా కేసులు, గ్రీన్‌కార్డ్ కేసులు ఏ స్టేట్‌లో కూర్చునైనా చూడొచ్చు. అవి సెంట్రల్ గవర్నమెంట్‌వి కదా."

"అంటే ఎవర్ని ఉండనివ్వాలో, ఎవర్ని పంపించెయ్యాలో..."

"ఊఁ. ఆ కేసులే."

అన్నపూర్ణమ్మ ఆ రోజు కూతురి చేతిలో కత్తి తీసుకుని కూరలు తనే తరిగింది. మనుషుల్ని విడదీయకుండా ఆపడానికి ఒక చదువుందని, దాన్ని తన కడుపున పుట్టిన పిల్ల కూరలు తరుగుతూ చదువుతోందని ఆవిడకు తెలిసింది.

అప్పుడే మొదలైంది ఆ అలవాటు. వంటింట్లో రాగిణి ఆ రోజు చదివిన కేసు తల్లికి తెలుగులో చెప్పేది. గొడ్డుదనుకుని అమ్మిన ఆవు తీరా చూలుదని తేలితే బేరం నిలుస్తుందా? కదిలే రైలెక్కబోయిన వాణ్ణి గార్డు తోస్తే, వాడి చంకలో పొట్లం జారి, అందులోని టపాకాయలు పేలి, ప్లాట్‌ఫారం ఆ చివర తూకం యంత్రం ఒకావిడ మీద పడితే తప్పెవరిది?

"గార్డుదే," అంది గార్డు భార్య నిమిషం ఆలోచించకుండా. "కదిలే బండిలోకి మనిషిని తోస్తారా? మీ నాన్న ఎన్నడూ తొయ్యలేదు."

"కానీ ఆవిడ ఓడిపోయిందమ్మా. పొట్లంలో ఏముందో గార్డుకి తెలీదు, అంత దూరాన ఉన్నావిడకి దెబ్బ తగుల్తుందని ఊహించలేడు అన్నారు."

"పాపం. తర్వాతేమైంది ఆవిడ?"

"అది పుస్తకంలో ఉండదు."

"పిల్లలున్నారా?"

"అమ్మా! అది ఇంపార్టెంట్ కాదు. ముందు అసలు గొడవేమిటో చెప్పాలి, దానికి రూల్ ఏమిటో చెప్పాలి, ఆ రూల్ వీళ్ళకెలా వర్తిస్తుందో చెప్పాలి, ఆపెయ్యాలి. అంతే."

అంతే అంటుంది గానీ, ఆ అంతే దగ్గరే ఫిబ్రవరిలో తప్పింది. అసలు లాయరు పరీక్ష అది, మొదటి ప్రయత్నం. తెలిసినదంతా కంప్యూటర్లో పేజీలకు పేజీలు కొట్టి వచ్చింది, పోయింది. మేలో ఆ కబురు ఫోన్లో చెప్పినప్పుడు గొంతు మామూలుగానే ఉంది. "జూలైలో ఇంకొక్కసారి రాస్తా. ఈసారి పోతే వదిలేస్తానమ్మా. నేనూ టెస్టింగ్ కోర్సులో చేరతా." అది విన్నాకే అన్నపూర్ణమ్మ విమానం ఎక్కింది. వంట తనదే, వేద తనదే, రాగిణికి చదువొక్కటే పని.

అందుకే ఈ ప్రస్థానం. నల్ల సంచీకి పసుపు గుడ్డ చుట్టి, అక్షింతలు వేసి, రెండు చేతులా పొదివి పట్టుకుని కింది వాటాకు వెళ్ళింది.

కింద ఉండేది రేణు, కరీంనగర్ పిల్ల. సోమవారం ఎయిర్‌పోర్ట్‌లో దింపుతానని మాటిచ్చింది కూడా ఆమే, ఎందుకంటే ఆ వేళకు కిరణ్‌కుమార్ నిద్రలో ఉన్న వేదను కనిపెట్టుకుని ఇంట్లో ఉండాలి. తలుపు తీసి సంచీని చూసి నవ్వింది.

"ఏంది పెద్దమ్మా, గిది? ఒడిబియ్యమా?"

"ప్రస్థానం పెడుతున్నా రేణూ. పడమటి గోడ పక్కన పెట్టమ్మా. సోమవారం బయల్దేరేటప్పుడు నీ దగ్గర్నుంచే తీసుకుంటాం. మా ఇంట్లోకి మళ్ళీ రాకూడదు."

"అబ్బ, మా నానమ్మ గూడ గిట్లనే పెడుతుండె. నువ్వు ఫికర్ చెయ్యకు పెద్దమ్మా, నేను జూస్కుంట."

"రాగిణికి చెప్పకు. నవ్వుతుంది."

"నేనెందుకు జెప్త?"

అన్నపూర్ణమ్మ మనసు తేలికపడి మెట్లెక్కింది. రేణు కూడా మాట తప్పే మనిషి కాదు. మరిచిపోతానేమోనని భయపడి, ఎలాగూ ఎయిర్‌పోర్ట్‌కు వెళ్ళేది అందులోనే కదా అని, ఆ సాయంత్రమే సంచీని తీసుకెళ్ళి కారు డిక్కీలో పెట్టేసింది.

సోమవారం తెల్లారకుండానే లైట్లన్నీ వెలిగాయి. అన్నపూర్ణమ్మ కూడా కూతురితో వెళుతోంది. ఒంటరిగా వద్దని అల్లుడే ఇద్దరికీ టికెట్లు తీశాడు. రాగిణి అలమర తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది.

"అమ్మా, ఇక్కడ నల్ల బ్యాగ్ ఉండాలి."

"అది ముందే బయల్దేరిందమ్మా," అంది అన్నపూర్ణమ్మ కాస్త గర్వంగానే. "రేణు దగ్గరుంది. ప్రస్థానం పెట్టాను."

రాగిణి మొహంలో రంగు మారింది. గబగబా మెట్లు దిగింది. కింద రేణు కారు తాళాలతో కాక, రెండు చేతులూ తల మీద పెట్టుకుని నిలబడి ఉంది.

"పెద్దమ్మా, నన్ను కొట్టుర్రి. మా ఆయన జగన్ నిన్న పొద్దుమీకి హ్యూస్టన్ వోయిండు. ఆయన కార్ రిపేర్ షాప్‌ల ఉన్నదని నా కార్ తీస్కపోయిండు. బ్యాగ్ డిక్కీలనే ఉన్నది. నాకు ఇప్పుడు యాదికొచ్చింది. ఫోన్ జేస్తే ఎత్తుతలేడు, పండుకున్నడు. మిమ్ములను దించనీకి క్యాబ్ పిలిచిన."

"పోనీలే, పుస్తకాలేగా," అంది అన్నపూర్ణమ్మ.

"పుస్తకాలు కాదమ్మా." రాగిణి మెట్టు మీద కూర్చుండిపోయింది. "నా ఎగ్జామ్ లాప్‌టాప్. పరీక్ష సాఫ్ట్‌వేర్ అందులోనే ఉంది. దాన్ని రిజిస్టర్ చేసే గడువు ఎప్పుడో అయిపోయింది. ఇంకో లాప్‌టాప్ పనికిరాదు."

కిరణ్‌కుమార్ పైజమాలోనే కిందికి వచ్చాడు. జగన్మోహన్‌కు ఫోను మీద ఫోను చేశాడు. అతను ఎత్తితే కొరియర్ చేయిస్తానని రాగిణితో అన్నాడు, అది రేపు పొద్దున హోటల్‌కు రావచ్చన్నాడు, రాకపోవచ్చని కూడా అన్నాడు.

"వద్దు," అంది రాగిణి లేచి. "రేపు పొద్దున్నే పార్సిల్ కోసం తలుపు దగ్గర నిలబడలేను. లాప్‌టాప్ లేనివాళ్ళు చేత్తో రాయొచ్చు. చేత్తోనే రాస్తా." అప్పుడు తల్లి వైపు తిరిగింది. "నాలుగేళ్ళమ్మా. నాలుగేళ్ళు దాన్ని చంటిపిల్లలా చూసుకున్నా. ఒక్క మాట అడగలేకపోయావా?"

అన్నపూర్ణమ్మ సూట్‌కేసు పిడి పట్టుకుని క్యాబ్ వైపు నడిచింది.

విమానంలో పక్కపక్కనే కూర్చున్నారు. రాగిణి కళ్ళు మూసుకుని ఉంది, నిద్రపోవడం లేదు. తల్లికి అది తెలుసు. తన జీవితంలో చూసిన ఎడబాట్లన్నీ రైళ్ళవల్లా, బదిలీలవల్లా, చావువల్లా వచ్చినవి. మోచేతికి మోచేయి తగులుతుండగా మనిషి దూరమైపోవడం ఇదే మొదటిసారి. కిటికీలోంచి కింద ఎర్రటి ఎడారి కొండలు జరిగిపోతున్నాయి. అన్నపూర్ణమ్మ తారాబలాన్నీ, తననూ, ఎవర్ని తిట్టాలో తెలియక ఇద్దర్నీ తిట్టుకుంటూ కూర్చుంది.

మరునాడు పొద్దున పరీక్ష జరిగే చోటికి నడిచి వెళ్ళారు. పెద్ద పెద్ద ఎగ్జిబిషన్లు పెట్టే భవనమట అది. దాని ముందు జనాన్ని చూసి అన్నపూర్ణమ్మ ఆగిపోయింది. పుష్కరాలకు వచ్చినట్టు వచ్చారు. నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు, చైనావాళ్ళు, తలకు ముసుగేసుకున్న ఆడపిల్లలు, గర్భిణులు, నెరిసిన జుట్టువాళ్ళు. ప్రతివాళ్ళ చేతిలో లోపలున్నది కనిపించే ప్లాస్టిక్ సంచీ, చంకలో లాప్‌టాప్. కానీ పుష్కరాల గోల లేదు. అంతమంది ఒక్కచోట చేరి అంత నిశ్శబ్దంగా ఉండడం ఆవిడ పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఒకబ్బాయి గోడవైపు తిరిగి పెదవులు కదుపుతున్నాడు. ఏ భాషో తెలియదు గానీ అది ప్రార్థనేనని తెలిసింది.

చేత్తో రాసేవాళ్ళ గది వేరేగా ఉంది, పక్కవైపు చిన్న తలుపు. అక్కడ నిలబడ్డవాళ్ళు కొద్దిమందే. వాళ్ళలో ఒక ముసలాయన రాగిణి ఖాళీ చేతులు చూసి ఏదో అన్నాడు. రాగిణి మొదటిసారిగా నవ్వింది.

"ఏమన్నాడు?"

"తన ఏడోసారట. పెన్నులు ఎక్కువ తెచ్చాను, కావాలంటే తీసుకో అన్నాడు."

తలుపులు తెరిచారు. రాగిణి వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. అన్నపూర్ణమ్మ ఎప్పటిలాగే చివరిదాకా చూసింది. తలుపు మూసుకున్నాక కూడా ఆ తలుపునే చూసింది.

ఎదురుగా రోడ్డవతల చెట్టుకింద బెంచీ ఉంది. అక్కడే కూర్చుంది. చదువు విషయంలో ఆవిడకు ఒక మొక్కు లాంటి గౌరవం ఉంది. ఆవిణ్ణి ఎవరూ బడికి పంపలేదు. స్టేషన్ల పేర్ల బోర్డులే ఆవిడ పలకలు. పసుపు బోర్డు మీద తెలుగులో బాపట్ల, కిందే ఇంగ్లీషులో బాపట్ల, ఈ అక్షరం ఆ అక్షరం అని పోల్చుకుంటూ రెండు భాషలూ కూడబలుక్కుంది. తర్వాత ప్రయాణికులు బెంచీల మీద వదిలేసిన వారపత్రికలు, ఆ పైన నవలలు. చదువంటే తనకు ఒక్కో అక్షరం ఏరుకున్న గింజ. అలాంటిది తన బిడ్డ ఒక దేశపు చట్టాన్నంతా తలలో పెట్టుకుని, కాగితం ముక్క సాయం లేకుండా ఆ గోడల మధ్య కూర్చుని రాస్తోంది. అదీ పరాయి భాషలో. అదీ చేత్తో, తన మూలాన. ఎండ బెంచీ మీదికి జరిగింది. ఆవిడ జరగలేదు.

సాయంత్రం బయటికి వచ్చిన రాగిణి కుడిచెయ్యిని ఎడమచేత్తో పట్టుకుని ఉంది. హోటల్ గదికి వచ్చాక వేళ్ళు తెరుచుకోలేదు. పెన్ను పట్టుకున్నట్టే బిగుసుకుపోయాయి. అన్నపూర్ణమ్మ గదిలోని కాఫీ మిషన్‌లో కాఫీ పొడి వెయ్యకుండా ఉత్త నీళ్ళు కాచింది. తువ్వాలు ముంచి, పిండి, మంచం అంచున కూర్చుని కూతురి చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది. రాగిణి లాక్కోలేదు.

"నీమీద కోపం పోలేదు," అంది కళ్ళు మూసుకునే.

"పోవద్దులే."

"పరీక్ష అయ్యాక తిడతా. ఇప్పుడు టైం లేదు."

"అలాగే. గుర్తుంచుకో, మర్చిపోతావు."

రాగిణి పెదవి కొస కదిలింది. కాసేపాగి, "చేత్తో ఎక్కువ రాయలేమమ్మా," అంది. "టైం సరిపోదు. ఫిబ్రవరిలో తెలిసిందల్లా టైప్ చేసేశాను. ఇవాళ మొదటి ప్రశ్నకే చెయ్యి నొప్పి పుట్టింది. అప్పుడేం చేశానంటే, నువ్వు స్టవ్ దగ్గర నించుని ఉన్నావు, కూర మాడిపోయేలోగా ఇది నీకు చెప్పెయ్యాలి అనుకున్నా. గొడవేమిటి, రూల్ ఏమిటి, వీళ్ళకెలా వర్తిస్తుంది. అంతే, నెక్స్ట్. బావుందో లేదో తెలీదు."

"నేను మధ్యలో అడ్డం పడుతూ ఉంటానుగా?"

"పడ్డావు. ప్రతి ప్రశ్నలోనూ పడ్డావు. పిల్లలున్నారా అన్నావు. ఊరుకోమ్మా అన్నాను."

అన్నపూర్ణమ్మ తువ్వాలు మళ్ళీ ముంచింది. ఒక్కో వేలూ మెల్లగా తెరుచుకుంటుంటే, ఈ వేళ్ళను మొదటిసారి తెరిచి చూసుకున్న రోజు గుర్తొచ్చింది. అప్పుడు గోళ్ళు ఎర్రగా, బియ్యపు గింజంత ఉండేవి. ఇప్పుడు మధ్యవేలి పక్కన పొక్కు లేచింది, సిరా మరక ఉంది.

రెండో రోజు పెన్సిల్‌తో గళ్ళు నింపే పరీక్ష, చెయ్యి కాస్త తేరుకుంది. మూడో రోజు మళ్ళీ రాత. ఆ సాయంత్రం పక్క తలుపు తెరుచుకుని చేత్తో రాసేవాళ్ళందరూ యుద్ధం నుంచి వచ్చినట్టు వచ్చారు. ముసలాయన రాగిణికి చెయ్యి కలపబోయి, ఇద్దరి చేతులూ పనికిరావని గుర్తొచ్చి, నవ్వి మోచెయ్యి తాకించాడు.

ఫలితాలు నవంబరులో గాని రావు. అంతవరకూ ఆ ఇంట్లో ఎవరూ పరీక్ష ఊసెత్తలేదు. రాగిణి ఒకనాడు టెస్టింగ్ కోర్సు వివరాలు ఫోన్లో కనుక్కుంటూ ఉంటే విని అన్నపూర్ణమ్మ వంటింట్లోకి వెళ్ళి కుళాయి విప్పింది, ఆ మాటలు వినబడకుండా. కూతురు తిడతానన్న తిట్లు తిట్టలేదు. ఆవిడకు అదీ బెంగే.

నవంబరులో ఒక శుక్రవారం సాయంత్రం. నల్ల సంచీ హ్యూస్టన్ నుంచి వచ్చి ఎన్నాళ్ళో అయింది. ఆ లాప్‌టాప్ ముందే అందరూ చేరారు. రేణు కూడా పైకి వచ్చి తలుపుకు ఆనుకుని నిలబడింది. రాగిణి పరీక్ష నంబరు కొట్టింది గానీ చివరి మీట నొక్కలేకపోయింది.

"నేను చూడను. కిరణ్, నువ్వు చూడు."

"నాకు కళ్ళు కనపడటం లేదు బాబూ," అన్నాడు కిరణ్‌కుమార్. నిజంగానే కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

"ఐ విల్ డూ ఇట్," అని వేద తండ్రి చేతికింది నుంచి దూరి టక్కున నొక్కేసింది.

తెర మీద నాలుగు వరుసల ఇంగ్లీషు వచ్చింది. ఎవరికీ చదివే ధైర్యం లేదు. అన్నపూర్ణమ్మ వంగింది. స్టేషన్ బోర్డులు చదివినట్టు వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. మొదట కూతురి పేరు. అది ఆవిడకు కంఠతా వచ్చు. తర్వాతి మాటలు మెల్లగా, పెదవులతో. చివరికి 'పాస్' అన్న మాట దగ్గర వేలు ఆగింది.

"ఇది పాసేనా?" అంది. "దీని ముందు 'నాట్' లేదు కదా? నాకు కనబడలేదు, మీరు చూడండి, 'నాట్' ఎక్కడైనా ఉందేమో."

లేదు. ఎక్కడా లేదు.

కిరణ్‌కుమార్ కేక పెట్టాడు. వేద సోఫా మీద గెంతింది. రేణు ఏడుస్తూ, "చూసినవా పెద్దమ్మా? ప్రస్థానం వట్టిగ వోలేదు! నా డిక్కీల పెట్టినందుకే పాసయింది!" అంది.

"చాల్లే," అంది అన్నపూర్ణమ్మ. "దాని చెయ్యి రాసింది, నీ డిక్కీ కాదు, నా పసుపు గుడ్డా కాదు."

రాగిణి మాత్రం తల్లి భుజం మీద నుదురు ఆనించింది.

డిసెంబరు మొదట్లో ప్రమాణం. దానికి కాలిఫోర్నియా వెళ్ళనక్కర్లేదట, ప్రమాణం చేయించే అధికారమున్న వాళ్ళెవరైనా చాలట. ఇండియన్ గ్రోసరీ పక్కన లక్ష్మీపతిగారని ఒకాయన టాక్సులు చేసిపెడతాడు. నోటరీ కూడా. ఆయన గదిలో రెండు బల్లలు, గోడకు గ్రోసరీ వాళ్ళిచ్చిన వెంకటేశ్వరస్వామి క్యాలెండరు. పక్క కొట్లోంచి కరివేపాకు, అగరొత్తుల వాసన. అన్నపూర్ణమ్మ దర్బారు లాంటి కోర్టును ఊహించుకుని పట్టుచీర కట్టుకుని వచ్చింది. గదిని చూసి చిన్నబోయింది.

లక్ష్మీపతి లేచి, చొక్కా సర్దుకుని, "కుడిచెయ్యి పైకెత్తండమ్మా," అన్నాడు.

రాగిణి చెయ్యెత్తింది. ఆయన ఒక్కో మాటా చెబుతుంటే తను అంటోంది. రాజ్యాంగాన్ని నిలబెడతానని. తనకు తెలిసినంతలో, చేతనైనంతలో, న్యాయవాది పనిని నమ్మకంగా చేస్తానని. అన్నపూర్ణమ్మకు మాటలన్నీ అందలేదు, గొంతు అందింది. అది వంటింట్లో కేసు చెప్పే గొంతు కాదు, అమ్మా అని విసుక్కునే గొంతూ కాదు. ఆ గొంతుకు గది చిన్నదైపోయింది. గ్రోసరీకి వచ్చి తలుపు దగ్గర ఆగిన ఒక మనిషి చేతిలో సంచులు కింద పెట్టి నిటారుగా నిలబడ్డాడు. అన్నపూర్ణమ్మ తనకు తెలియకుండానే చేతులు జోడించింది. పెళ్ళిలో మంగళసూత్రం వేళ, గుళ్ళో హారతి వేళ ఒళ్ళు గగుర్పొడిచినట్టు గగుర్పొడిచింది. కొన్ని మాటలు, ఎత్తిన ఒక చెయ్యి. అంతే, మనిషి మారిపోయింది.

లక్ష్మీపతి ముద్ర వేసి, "కంగ్రాట్స్ లాయర్‌గారూ. ఆ రెండో బల్ల ఖాళీగానే ఉంది. లైసెన్స్ నంబర్ రాగానే వచ్చి కూర్చోండి," అన్నాడు.

రెండు వారాలకు నంబరు వచ్చింది. లక్ష్మీపతి వెనకగదిలోకి ఆ బల్ల జరిపించాడు. అన్నపూర్ణమ్మ తిరుగు ప్రయాణం దగ్గర పడింది. ఈసారి పంచాంగం తియ్యలేదు. తీస్తే ఏ రోజూ మంచిది కనబడదని తెలుసు.

ఒక మధ్యాహ్నం అన్నపూర్ణమ్మ రేణు కారులో వచ్చి కూతురికి పప్పూ అన్నం తెచ్చింది. క్యారేజీ విప్పుతుండగా ఒక అమ్మాయి వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో. చేతిలో పాస్‌పోర్టు, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళు.

"లాయర్ మేడమ్ ఉన్నారా? మా ఆయన నా వీసా విత్‌డ్రా చేయిస్తానంటున్నాడు. బాబు ఇక్కడే పుట్టాడు..."

రాగిణి క్యారేజీ మూత పెట్టేసింది. "కూర్చోమ్మా. మంచినీళ్ళు తాగుతావా?"

అన్నపూర్ణమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. వంటింట్లో ఎన్ని కేసులు విన్నది! ఈ పిల్లకు బాబు ఎంతవాడో అడగాలని నోరు తెరిచింది.

"అమ్మా," అంది రాగిణి మెల్లగా. "నువ్వు బయట కూర్చోవాలి."

"నేనేమీ మాట్లాడనే."

"మాట్లాడతావని కాదమ్మా. తను చెప్పేది నేను తప్ప ఎవరూ వినకూడదు. ఇంటికొచ్చాక కూడా నీకు చెప్పను. నువ్వు అడిగినా చెప్పను. అది నా మీదున్న బాధ్యత."

ఒక్క క్షణం అన్నపూర్ణమ్మకు గుండెలో చివుక్కుమంది. తర్వాత లేచి నిలబడింది, పెద్దవాళ్ళ ముందు లేచినట్టు. ఆ అమ్మాయి తల మీద చెయ్యి వేసి, ఏమీ అడగకుండా బయటికి నడిచింది. వెనకాల తలుపు మూసుకుంది.

లక్ష్మీపతి కంప్యూటర్ ముందు నుంచి, "కూర్చోండి అమ్మగారూ, టీ చెప్పమంటారా?" అన్నాడు.

ఆవిడ తల అడ్డంగా ఊపి, తలుపుకు దూరంగా, లోపలి మాట వినబడనంత దూరంగా, వీధి గుమ్మందాకా వెళ్ళి నిలబడింది. లోపల తెలియని పిల్ల ఎవరో తన కడుపులో మాటంతా చెప్పుకుంటోంది. తన కూతురు వింటోంది. ఎవరైనా ఇటు వస్తే, "లోపల లాయరుగారు పనిలో ఉన్నారు," అని చెప్పడానికి అన్నపూర్ణమ్మ పమిట భుజం చుట్టూ కప్పుకుని అక్కడే కాపలా ఉంది.